కాళ్ళ దిక్కు ఇటుకలు

సకల జనుల సమ్మె మొదలైన తర్వాత ముస్తాబాద్ దిక్కు ఏ పనీ సక్రమంగా సాగలేదు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఎవరిని ఏది అడిగినా ఒకటే జవాబు, తెలంగాణ అచ్చినంక చూద్దాం అని. బోరు కనెక్షన్ తెలంగాణ అచ్చినంక, రేషన్ కార్డులో పేరు తెలంగాణ అచ్చినంక, అన్నదమ్ముల గెట్టు పంచాయితీ కూడా తెలంగాణ అచ్చినంకే. మొండయ్య బర్రె ఒక్కటే ఆగలేదు. సమ్మె నడుమనే ఈనింది. ఈని ఊరుకోలేదు, దూడ వెనకాలే దాని పిల్లసంచి కూడా బయటికి జారిపడింది.

మొండయ్య కల్లు కోసం ఈత చెట్లు గీసే మనిషి. నిదానస్తుడు. ఇల్లు అంటుకున్నా చుట్ట పూర్తిచేసే లేస్తాడని ఊళ్ళో ఎగతాళి చేస్తారు. అటువంటివాడు ఆ రోజు చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. పశువుల కాంపౌండర్ జలపతి సమ్మెలో ఉన్నాడు. మండలంలో రోడ్డు పక్కన వేసిన దీక్ష టెంటులో, మెడలో కండువాతో, అందరి మధ్యన కూర్చున్నాడు. మొండయ్య టెంటు ముందు నిలబడి నలుగురూ వినేటట్టు కేక పెట్టాడు.

"జలపతి సారూ! నా బర్రెకు పిల్లసంచి బయటవడ్డది. మీ కాల్మొక్త, జల్ది రాండ్రి!"

టెంటులో ఎవరూ నవ్వలేదు, మొహం తిప్పుకోలేదు. "నోరులేని జీవి. దానికేం సమ్మె? పో జలపతీ" అని వాళ్ళే ఆయనను లేపి బండి ఎక్కించారు. రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు పెట్టి కాపలా కాస్తున్న పోరగాళ్ళు కూడా సంగతి వినగానే రాళ్ళు పక్కకు జరిపారు.

జలపతి చేతులు కడుక్కొని చక్కెర తెమ్మన్నాడు. భూమవ్వ చక్కెర డబ్బా తెచ్చింది. భూమవ్వ మొండయ్య భార్య. బర్రె తోక పట్టుకొని, జలపతి ఏం చేస్తే అది రెప్ప కొట్టకుండా చూసింది. చల్లనీళ్ళతో కడగడం చూసింది. వాపు తగ్గడానికి చక్కెర చల్లడం చూసింది. అరచేత్తో మెల్లగా లోపలికి నెట్టడం, మళ్ళీ జారకుండా తాడుతో వెనక నుంచి బిగించి కట్టడం చూసింది.

"ఎనుక కాళ్ళ దిక్కు మట్టిబోసి ఎత్తు చెయ్యున్రి. ముందటికి వంగినట్టుంటె సంచి లోపటికే ఉంటది" అన్నాడు జలపతి.

"మళ్ళ జారదా సారూ?" అని అడిగింది భూమవ్వ.

"జారకుంటనే గదవ్వా కట్టింది."

"మరి ఏండ్లబడ్డ పాతదైతె? అదిగూడ లోపటికి పోతదా?"

జలపతి తలెత్తి చూశాడు. "పాతదేంది? ఇయ్యాల్నే ఈనె గదా నీ బర్రె."

"ఊకెనే అడిగిన" అంది భూమవ్వ, తోక వదలకుండా.

ఆ రోజు పొద్దు వంగేసరికి పాయఖానా కట్టగా మిగిలిన ఇటుకలు తెచ్చి, తన మంచానికి కాళ్ళు పెట్టే దిక్కున రెండు కోళ్ళ కింద పెట్టుకుంది. మొండయ్య చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందే, మంచం గిట్ల జారుడుబండ లెక్క పెట్టినవ్?"

"నడుము నొస్తాంది."

"నడుము నొస్తె ఇటుకలా?"

"ఆ."

మొండయ్యకు ఆ జవాబు చాలింది. అటు తిరిగి పడుకున్నాడు. వాడు దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. ఒక్కనాడూ పెళ్ళాం మీద చెయ్యెత్తలేదు, తాగి వచ్చి రచ్చ చెయ్యలేదు. బర్రెకు ఏమైందో కంటికి కనబడింది కాబట్టి ఉరికాడు. భూమవ్వకు ఏమైందో చీర కింద ఉంది.

భూమవ్వకు జారింది మొన్నామధ్య కాదు. కొడుకు ప్రేమ్‌కుమార్ పుట్టిన కొత్తలోనే. కల్లు వనం నుంచి, కల్లు అమ్మే ఊరి మండువ దాకా కల్లు కుండ మోసుకు రావడం ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని. మొగవాడు చెట్టు దిగి ఇంకో చెట్టు ఎక్కుతాడు, ఆడది కుండ ఎత్తుకొని నడుస్తుంది. అప్పుడు అత్త జ్వరంతో పడుకుంటే కాన్పైన తొమ్మిదో నాడు భూమవ్వ తలకు చుట్టబట్ట పెట్టుకొని కుండ ఎత్తింది. ఆ సంగతి ఇంటికి పెద్ద పేరైపోయింది. ఏ పెళ్ళిలో, ఏ పురుడులో నలుగురు చేరినా మొండయ్య చెప్పుకుంటాడు. "మా ఇంటిది కొడుకును కన్న తొమ్మిదో నాడే కుండ ఎత్తింది. ఇప్పటి పొల్లలకు ఏడున్నది గా సత్తువ?" విన్నవాళ్ళు ఔనౌనంటారు. భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. నిజం చెప్పాలంటే ఆ మాట వినడం ఆమెకూ ఇష్టమే. బతుకంతా మోస్తే దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ కుండ ఎత్తిన నెలలోపే, బావి దగ్గర కూర్చున్నప్పుడు ఏదో చేతికి తగిలింది. భయపడి తల్లికి చెప్పింది. తల్లి భయపడలేదు. "ఆడిదానికి గట్లనే ఉంటదే. బట్ట గట్టుకో" అని పాత చీర చింపి, గోచీ లాగా బిగించి ఎట్లా కట్టుకోవాలో చూపించింది. చూపించిన పద్ధతి చూస్తే తల్లి కూడా కట్టుకుంటున్నదేనని భూమవ్వకు అర్థమైంది. ఆ మాట ఆమె అడగలేదు, తల్లి చెప్పలేదు.

అప్పటి నుంచి ఆ బట్ట కట్టుకునే కుండలు మోసింది, నాట్లేసింది, కలుపు తీసింది. ఒరుసుకొని పుండైతే కొబ్బరినూనె రాసుకుంది. మూత్రం పట్టలేక కొన్నాళ్ళు, మూత్రం రాక కొన్నాళ్ళు. దవాఖానలో చూపించుకుందామని అనుకోకపోలేదు. పిల్లగాని పెండ్లి కానీ అనుకుంది. కోడలు నీళ్ళాడనీ అనుకుంది. ఆ తర్వాత ఊరందరితో పాటే తెలంగాణ రానీ అనుకుంది.

కూర్చోవడం కష్టం కాబట్టి ఆమె ఎక్కడికి పోయినా నిలబడేది. దీక్ష టెంటుకు ఆడవాళ్ళందరినీ పిలుచుకుపోయినప్పుడు కూడా అంతే. అందరూ చాపల మీద కూర్చుంటే భూమవ్వ గుంజను ఆనుకొని నిలబడింది. మైకు పట్టుకున్నాయన అది చూసి మురిసిపోయాడు. "చూడున్రి, గా తల్లి తెలంగాణ అచ్చేదాంక కూసోదట!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతమందిలో చప్పట్లు కొడుతుంటే ఏం చెబుతుంది? నిలబడింది. ఇంటికి వచ్చి మంచం మీద అడ్డంగా పడి ఏడ్చింది.

బర్రె కోలుకుంది. భూమవ్వ కోలుకోలేదు. ఇటుకల వల్ల పడుకున్నంతసేపు కొంచెం హాయిగా ఉండేది. లేస్తే మళ్ళీ మామూలే. జలపతి బర్రెకు కట్టినట్టే బట్టను ఇంకా గట్టిగా బిగించి చూసింది. దాంతో ఉన్న పుండు రేగింది.

కోడలు రజని అప్పుడే తొలి కాన్పు నుంచి లేస్తోంది. ఆడపిల్ల. తల్లిలేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే జరిగింది. ఇంకా ఇరవై ఒకటో రోజు కూడా కాలేదు. బీడీలు చుట్టే మనిషి, ఖాళీగా ఉండలేక పక్కలో పిల్లను వేసుకొని ఆకు కత్తిరిస్తూ కూర్చుంటుంది. ప్రేమ్‌కుమార్ సిరిసిల్ల డిపోలో కండక్టర్. సమ్మె మొదలైనప్పటి నుంచి డిపో ముందర టెంటులోనే ఉంటున్నాడు. నాలుగొద్దులకొకసారి వచ్చి పిల్లను ముద్దాడి, అన్నం తిని, మళ్ళీ పోతాడు.

సమ్మెలో అన్నీ బంద్ అయ్యాయి గాని కల్లు మండువ బంద్ కాలేదు. పనుల్లేని మొగవాళ్ళంతా అక్కడే. కల్లు ఎంత దించినా చాలడం లేదు. భూమవ్వ రెండుసార్లు మోసే చోట మూడుసార్లు మోసింది. నాలుగో రోజు పొద్దున్నే ఆమె మంచం దిగలేకపోయింది. మూత్రం రావడం లేదు. పొత్తికడుపు ఉబ్బి రాయిలా గట్టిపడింది. ఏటవాలు మంచం మీద పళ్ళు బిగించుకొని పడుకుంది.

వనం నుంచి మొండయ్య ఫోన్ చేశాడు. "కల్లు దించిన. ఎండెక్కితె పులుస్తది. అస్తలేదేంది మీ అత్త?"

"పానం మంచిగ లేదట మామా. నేనస్త" అంది రజని.

పిల్లకు పాలిచ్చి భూమవ్వ పక్కన పడుకోబెట్టింది. నడుముకు తువ్వాల చుట్టుకుంది. చుట్టబట్ట చేతిలోకి తీసుకుంది.

"అత్తమ్మా, పిల్లను జూడు. కుండ దెచ్చిపెట్టి అస్త."

భూమవ్వ తల ఎత్తింది. "నువ్వెట్ల పోతవే? పచ్చి బాలెంతవు."

"తొమ్మిదో నాడే ఎత్తినవట గదా నువ్వు? నాకు గంతకంటె ఎక్కువ్నే అయినై. మామ మొన్న గూడ చెప్పిండు."

రజని ఎత్తిపొడవలేదు. అత్త చేసింది తానూ చేయగలనని చూపించాలని ఉంది, అంతే. ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. భూమవ్వకు ఏదైనా చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఎన్నడూ అనని మాట, ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. రజని వాకిలి దాటి పోయింది.

పక్కన పసిపిల్ల నిద్రలో మూతి చప్పరించింది. భూమవ్వ దాన్నే చూస్తూ పడుకుంది. ఇంకొన్నాళ్ళకు రజని బావి దగ్గర భయపడి తన దగ్గరికి వస్తుంది. అప్పుడు తాను పాత చీర చింపి, ఇట్లా కట్టుకో బిడ్డా అని చూపిస్తుంది. ఆ తర్వాత రజని ఈ పిల్లకు చూపిస్తుంది. ఆస్తి ఏదీ లేని ఇంట్లో తరతరాలకూ అందుతున్నది ఆ చింపిన బట్ట ఒక్కటే. ఆ ఆలోచనకు భూమవ్వకు కడుపు నొప్పి కంటే ఎక్కువ మంట లేచింది.

లేచింది. పిల్లను గుడ్డలో చుట్టి భుజానికి ఎత్తుకుంది. తొడలు దూరంగా వేస్తూ, ఆగుతూ, గట్టు పట్టుకొని నడిచి వనం చేరింది.

మొండయ్య అప్పుడే కుండను రజని తల మీదికి ఎత్తుతున్నాడు. పెళ్ళాన్ని చూసి నవ్వాడు. "సూడు, మన కోడలు గూడ నీ లెక్కనే గట్టిది."

"దించు" అంది భూమవ్వ.

"ఏందే?"

"కుండ దించు. గా పొల్ల ఎత్తద్దు."

"ఏమైతది? నువ్వెత్తలేదా తొమ్మిదో నాడు?"

"ఎత్తిన." ఆమె పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "ఎత్తినందుకే నీ బర్రెకైనది నాకు గూడ అయ్యింది. ప్రేమ్‌కుమార్ పుట్టినప్పటిసంది కిందికి జారే ఉన్నది. బట్ట గట్టుకొని మోసిన గిన్నేండ్లు. ఇంక వశపడుతలేదు నాకు."

కుండను నేల మీదికి దించింది రజనే. మొండయ్య చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి. మంచం కింద ఇటుకలు అప్పుడు గుర్తుకొచ్చాయేమో, ఒకసారి ఇంటి దిక్కు చూశాడు. రజని అత్త భుజం మీద నుంచి పిల్లను తీసుకుంది. ఆమె కళ్ళు భూమవ్వ నడుము కిందికి పోయి వెంటనే పక్కకు తిరిగాయి.

"మరి నాకు చెప్పకపోతివేందే గిన్నొద్దులు?" అన్నాడు మొండయ్య.

"బర్రె చెప్పిందా నీకు?"

మొండయ్య రజని తల మీది చుట్టబట్ట తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. కుండ ఎత్తిపెట్టే మనిషి కోసం అటూ ఇటూ చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ కదలలేదు. తానే మోకాళ్ళ మీద కూర్చొని, కిందా మీదా పడి ఎత్తుకున్నాడు. సగం కల్లు ఒంటి మీదే పోసుకొని ఊళ్ళోకి నడిచాడు. మండువలో కుండ దించేసి ఆటో మల్లయ్యను వెతుక్కుంటూ పోయాడు.

మల్లయ్య మొదట రానన్నాడు. "రోడ్డు మీద వంటావార్పు నడుస్తాంది మామా. సిరిసిల్ల దాంక పోనియ్యరు" అన్నాడు. మొండయ్య మొహం చూసి మళ్ళీ ఏమనుకున్నాడో ఆటో తీశాడు. రజని పిల్లతో ఇంట్లో ఆగింది. భూమవ్వ వెనక సీటులో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి ఆనించి పైకి లేచేది. మొండయ్య మల్లయ్య పక్కన కూర్చున్నాడు.

టెంటు దగ్గర నిజంగానే రోడ్డంతా పొయ్యిలు. పెద్ద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు కొంగులు దోపుకొని పొగలో గంటెలు తిప్పుతున్నారు. మొగవాళ్ళు విస్తరాకులు ముందరేసుకొని మాట్లాడుకుంటున్నారు. ఆటోకు అడ్డంగా ఒక పడుచు పిలగాడు వచ్చి జెండా కర్ర పెట్టాడు.

"ఏడికి?"

"దవాఖానకు" అన్నాడు మల్లయ్య.

"అందరు దవాఖాననే అంటున్నరు. పొద్దుగాల పెండ్లిచూపులకు పోయెటోళ్ళు గూడ గదే జెప్పిన్రు. ఎవలికి, ఏమైంది?"

మల్లయ్య మొండయ్య దిక్కు చూశాడు. మొండయ్య నోరు తెరిచాడు. ఇదే టెంటు, ఇదే రోడ్డు. మొన్న ఇక్కడే నిలబడి బర్రె సంగతి ఊరంతా వినేటట్టు అరిచాడు.

"నడుము నొప్పి" అన్నాడు ఇప్పుడు, గొంతు తగ్గించి.

"నడుము నొప్పైతె రేపు పోవచ్చు. తెల్లారితె రోడ్డిడుస్తరు."

టెంటులో నుంచి జలపతి లేచి వచ్చాడు. "ఏం మొండయ్యా, బర్రెట్లున్నది?" అని ప్రేమగా అడిగాడు.

"మంచిగున్నది సారూ" అన్నాడు మొండయ్య, తల దించుకొని.

ఆ మాటకు భూమవ్వకు ఒళ్ళు మండింది. అలసిపోయిన మనిషి కోపం అది, పెద్దగా అరిచే కోపం కాదు. ఆటో రాడ్డు పట్టుకొని మెల్లగా దిగి రోడ్డు మీద నిలబడింది. మైకు ఆయన ఆమెను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. ఆమె అటు చూడలేదు.

"బిడ్డా" అంది జెండా పట్టుకున్న పిలగాడితో. "బర్రెకు నోరు లేదని మొన్న తొవ్వ ఇస్తిరి. నాకు నోరున్నది, చెప్తున్న విను. నా పిల్లసంచి కిందికి జారింది. నిన్నటిసంది ఒంటికి పోత లేదు. పోనిస్తరా, ఈడనే పడి ఉండాల్నా?"

పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు గంటెలు తిప్పడం ఆపారు. మైకు ఆయన మైకు పక్కన పెట్టాడు. జలపతి మొహం ఎర్రబడింది. పాతదైతే ఏమవుతుందని ఆ రోజు ఆమె ఎందుకడిగిందో ఇప్పుడు తెలిసింది. "అయ్యో, అవ్వా" అన్నాడు. పిలగాడు జెండా కర్ర దించి, ముందుకు ఉరికి బండరాళ్ళు జరపడం మొదలుపెట్టాడు.

భూమవ్వ మళ్ళీ ఆటో ఎక్కింది. చెమటతో జాకెట్ తడిసిపోయింది. సిగ్గు వస్తుందనుకుంది, రాలేదు. సిగ్గుపడే ఓపిక కూడా ఉండాలి కదా.

పొయ్యి దగ్గర నుంచి ఒక ఆమె వచ్చి ఆటో పక్కన నిలబడింది. బోయినపల్లి దిక్కు నుంచి కోడలుగా వచ్చిన కొమురవ్వ. భూమవ్వ ఈడుదే. నాట్లప్పుడు ఇద్దరూ ఒకే మడిలో వంగినవాళ్ళు. చేతిలో గంటె ఇంకా అట్లాగే ఉంది.

"ఎవలకు సూపెడుతవ్ వదినె?" అని మెల్లగా అడిగింది.

"పెద్ద దవాఖాన్ల లేడీ డాక్టరుకు. సమ్మెల ఉన్నదో, ఆడనే ఉన్నదో తెల్వదు."

"లేకుంటె?"

"అచ్చేదాంక ఆడనే కూసుంట."

కొమురవ్వ ఒకసారి పొయ్యి దిక్కు చూసింది. అక్కడున్న ఒక ఆడపిల్లను పిలిచి గంటె చేతిలో పెట్టి, "అడుగంటనియ్యకు" అంది. చీర సర్దుకొని ఆటోలోకి ఎక్కింది. ఎక్కేటప్పుడు సీటు అంచు పట్టుకొని, తొడలు దూరంగా పెట్టి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. భూమవ్వ కూర్చున్నట్టే కూర్చుంది.

భూమవ్వ ఆమెకు చోటిచ్చి జరిగింది. మల్లయ్య ఆటో స్టార్ట్ చేసి, రాళ్ళు పూర్తిగా జరిగేదాకా ఆగాడు.

"నీకెప్పటిసంది?" అని అడిగింది భూమవ్వ.

"మా చిన్నోడు పుట్టినప్పటిసంది."

"ఏం జేత్తాండిప్పుడు చిన్నోడు?"

కొమురవ్వ ముందు అద్దంలో నుంచి చూపించింది.

"గా రాళ్ళు జరుపుతాండు సూడు. ఆడే."